ఉగ్గుగిన్నెలో నీళ్ళు

మా వీధిలో ఇస్త్రీ కొట్టుకి వెళ్ళి మంచినీళ్ళు తాగకుండా బయటపడ్డ మనిషి లేడు. దాహం లేదంటే కొట్టు నడిపే ఆవిడ ఒప్పుకునేది కాదు. "వేసేదాకా ఆగుతావా? వేశాక తాగితే ఏం లాభం?" అని గ్లాసు చేతిలో పెట్టేది. చొక్కా మీద మరక పడిందని పోట్లాటకి వచ్చినవాళ్ళు కూడా ముందు గ్లాసుడు నీళ్ళు తాగి, ఊపిరి పీల్చుకుని, ఆ తర్వాతే నోరు చేసుకోవాలి. అప్పటికి ఆ అరుపులో పస ఉండేది కాదు. అందుకే చిన్నా పెద్దా అందరూ ఆవిడని నీళ్ళత్త అనేవాళ్ళు.

నాది పక్కనే దర్జీ కొట్టు. రెండు కొట్లకీ మధ్య అడ్డం ఒక్క చెక్క గోడ. నా మిషను ఆగిందంటే అవతల గుసగుసలాడినా నాకు వినపడుతుంది. వరసకి మేము ఒకరికొకరం ఏమీ కాము. నేనే వదినా అని కలుపుకున్నాను, ఇద్దరాడవాళ్ళ మధ్య ఆ వరసుంటే నోటికొచ్చినట్టు ఎగతాళి చెయ్యొచ్చు కదా అని. ఆవిడా నన్ను వదినా అనే పిలిచేది.

"ఏం వదినా, ఇస్త్రీ చేసేది తక్కువ, నీళ్ళు పోసేది ఎక్కువ అయింది. బోర్డు తీసేసి మంచినీళ్ళ కొట్టు అని రాయించు."

"రాయిస్తాలే. నీ కొట్టు మీద కూడా బట్టలు కుట్టబడును అని తీసేసి, మనుషుల్ని చీల్చి చెండాడబడును అని రాయించు."

నాకు ముక్కు మీద కోపం. ఆ సంగతి వీధంతటికీ తెలుసు. నా మాటకి నవ్వగలిగింది ఆవిడ ఒక్కతే.

నీళ్ళ మీద ఆవిడకి అంత పిచ్చి ఊరికే పట్టలేదు. ఆ కొట్టు మొదట ఆవిడ భర్తది. రేకుల కప్పు, ఎదురుగా నిప్పులు నింపిన ఇస్త్రీపెట్టె, వేసవి వచ్చిందంటే లోపల నిలబడటమే కష్టం. ఆయన మాత్రం పొద్దున్న నిలబడితే సాయంత్రం దాకా బల్ల వదిలేవాడు కాదు. నీళ్ళు తాగితే మధ్యలో ఒంటికని వీధి చివరిదాకా వెళ్ళి రావాలి, ఆ కాసేపట్లో నిప్పులు చల్లారిపోతాయి, అందుకని తాగేవాడు కాదు. ఒకరోజు మధ్యాహ్నం అవతల నుంచి కాలిన బట్ట వాసన వచ్చింది. వెళ్ళి చూస్తే పెట్టె చొక్కా మీదే ఉంది, ఆయన బల్ల కింద పడి ఉన్నాడు. ఆస్పత్రికి చేరేసరికే అయిపోయింది. "ఒంట్లో నీళ్ళు లేవమ్మా, ఆ వేడికి మనిషి తట్టుకోలేకపోయాడు" అన్నాడు డాక్టరు. ఆ మాట ఆవిడ గుండెలో మేకులా దిగిపోయింది.

దుఃఖం తీరకముందే ఆవిడే పెట్టె పట్టుకుంది. బల్ల పక్కన పెద్ద కుండ పెట్టించింది. అప్పటికి చేతికి అందివస్తున్న కొడుకుని పనిలో పెట్టుకుని, గ్లాసుడు నీళ్ళు తాగనిదే వాణ్ణి బట్ట ముట్టుకోనిచ్చేది కాదు. తర్వాత్తర్వాత కరెంటు పెట్టె వచ్చింది, పైన పంకా వచ్చింది. కుండ మాత్రం కదల్లేదు.

కొడుక్కి పెళ్ళయింది. వచ్చిన కోడలు నోట్లో నాలుక లేని పిల్ల అని మొదట్లో అనుకున్నాను. కాదు, అవసరం లేని మాట ఆడదు, అంతే. పనిమంతురాలు. మడత పెట్టిందంటే చొక్కా కాలరు చెక్కినట్టుండేది. అత్తాకోడళ్ళు ఒకే బల్లకి అటొకరు ఇటొకరు నిలబడి దుప్పట్లు మడిచేవాళ్ళు. అంచులు పట్టుకుని ఇద్దరూ దగ్గరికొచ్చి, మళ్ళీ దూరం జరిగి, మళ్ళీ దగ్గరికొచ్చి. చూడ ముచ్చటగా ఉండేది. "కోడల్ని నెత్తిన పెట్టుకుంటున్నావు వదినా, రేపు దిగనంటే ఏం చేస్తావు?" అంటే, "దిగొద్దనే పెట్టుకున్నాను" అనేది.

వేసవి ముందర మగపిల్లవాడు పుట్టాడు. ఆస్పత్రి నుంచి ఇంటికి పంపేటప్పుడు నర్సు గట్టిగానే చెప్పింది, ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలే, ఇంకేమీ పెట్టొద్దని. నీళ్ళత్త ఆ మాటని తు.చ. తప్పకుండా పాటించింది. ఎవరో నాలుక మీద తేనె రాస్తామంటే చెయ్యి పట్టుకుని ఆపేసింది. సొంత చెల్లెలు పాలడబ్బా తెస్తే ఆ సంచీతోనే తిప్పి పంపింది. "నర్సమ్మ ఏమీ వద్దంది, వద్దంతే" అని ఒంటికాలి మీద లేచింది. ఆ పోట్లాటలో నేను కూడా ఆవిడ తరఫునే నిలబడ్డాను.

నీళ్ళు మాత్రం పట్టేది. ఎందుకంటే ఆ ఇంట్లో ఎవరి లెక్కలోనూ నీళ్ళంటే పెట్టడం కాదు. తిండి కాదు, మందు కాదు. గాలి పీల్చుకోవడం లాంటిది. ఇంకేమీ వద్దు అని నర్సు అన్న మాటలో నీళ్ళు కూడా ఉంటాయని ఆవిడకి తట్టలేదు, కోడలికి తట్టలేదు, పక్కనే ఉన్న నాకూ తట్టలేదు.

కాస్త ఒళ్ళు కుదుటపడగానే కోడలు పిల్లాణ్ణి తీసుకుని కొట్టుకి రావడం మొదలుపెట్టింది. బట్టల బుట్టలో మెత్తటి దుప్పట్లు పరిచి పడుకోబెట్టేవాళ్ళు. రేకుల కింద ఆ ఉక్క, ఎదురుగా వేడి పెట్టె. పెద్దవాళ్ళం మాకే నాలుక పిడచగట్టుకుపోతుంటే పసివాడి సంగతేమిటని ఆవిడ గుండె కొట్టుకునేది. నీళ్ళు మరగకాచి, చల్లార్చి, ఉగ్గుగిన్నెని వేడినీళ్ళతో కడిగి, మూత పెట్టి ఉంచేది. ఆవిడ శుభ్రతకి వంక పెట్టడానికి లేదు. వాడు కదిలితే చాలు, గిన్నె పెదవికి ఆనించేది. వాడు నోరు ఇంత తెరిచేవాడు. "చూడు వదినా, దాహం వాడికి, నోరుంటే అడిగేవాడు కాదూ" అని మురిసిపోయేది.

వాడు ఏడ్చేవాడు కాదు. వచ్చినవాళ్ళందరూ, ఎంత బుద్ధిమంతుడమ్మా అని మెచ్చుకునేవాళ్ళు. పాలకి కూడా అంతగా మారాం చేసేవాడు కాదు. కాసేపు చప్పరించి నిద్రపోయేవాడు. కోడలు ఒకసారి నాతో, పాలు తగ్గుతున్నాయి పిన్నీ అంది. నిలబడి పనిచేసే ఒళ్ళు, అలాగే ఉంటుందిలే అనుకున్నాం. వాడి చేతులు సన్నబడ్డాయని ఎవరమూ పట్టించుకోలేదు. రోజూ చూసే కళ్ళకి అది కనపడలేదు.

ఎండలు ముదిరాక విరేచనాలు పట్టుకున్నాయి. ఒంట్లో నీళ్ళు పోతున్నాయని ఆవిడ ఇంకా నీళ్ళు పట్టింది. ఆవిడ స్థానంలో ఎవరున్నా అదే చేస్తారు, భర్తని అలా పోగొట్టుకున్న మనిషి మరీను. కళ్ళు లోతుకుపోయి, పిల్లాడు మెడ వాల్చేశాక ఆస్పత్రికి పరిగెత్తాం. అక్కడ సూది గుచ్చడానికి నరం దొరకడమే కష్టమైంది. మర్నాటికి వాడు లేడు.

వాడు పోవడానికి ముందు నర్సు కోడల్ని అడిగింది, పాలు కాకుండా ఇంకేం పట్టేవారని. నేను పక్కనే ఉన్నాను. నీళ్ళత్త అప్పుడు అక్కడ లేదు, కాచిన నీళ్ళు తెస్తానని ఇంటికి వెళ్ళింది.

"ఏమీ లేదండీ. మంచినీళ్ళు, అంతే" అంది కోడలు.

నర్సు కసురుకోలేదు. పసివాళ్ళ పొట్ట చిన్నది, నీళ్ళతో నిండిపోతే ఆకలి తెలియదు, పాలు లాగరు. లాగకపోతే తల్లికి పాలు తగ్గిపోతాయి. పిల్ల బలం తప్పుతుంది. ఎంత కాచినా గిన్నెలోంచో చేతిలోంచో చెడు లోపలికి వెళ్తుంది, వెళ్తే తట్టుకునే ఓపిక ఆ ఒంట్లో ఉండదు. ఆరు నెలలదాకా తల్లిపాలల్లోనే కావలసినన్ని నీళ్ళుంటాయి, ఎంత ఎండల్లోనైనా సరే. ఇదంతా మెల్లగా చెప్పి, చివర, "అదొక్కటే కారణమని నేను చెప్పలేనమ్మా" అంది.

కోడలు నా చెయ్యి పట్టుకుంది. గోళ్ళు దిగేలా పట్టుకుంది.

"పిన్నీ, ఇది అత్తయ్యకి తెలియకూడదు."

"తెలియకుండా ఎలాగే?"

"మామయ్య నీళ్ళు తాగక పోయారని ఇన్నేళ్ళూ ఏడుస్తున్న మనిషి. ఇది తెలిస్తే బతకదు. మీ నోరు నాకు తెలుసు పిన్నీ. మీ కాళ్ళు పట్టుకుంటాను."

అంతలో నీళ్ళత్త ఫ్లాస్కు గుండెకి హత్తుకుని ఆయాసపడుతూ వచ్చింది. "వేడి తగ్గాయి అమ్మాయ్, రెండు చుక్కలు తడుపుదామా పెదాలు?" అని అడిగింది. కోడలు ఫ్లాస్కు అందుకుని, "డాక్టరుగారు ఇప్పుడు వద్దన్నారు అత్తయ్యా" అంది. అంతే అంది. నేను గోడ వైపు తిరిగిపోయాను. నా జన్మలో నా నోటికి నేను తాళం వేసుకున్నది ఆ రోజే.

ఆ ఏడాది ఎలా గడిచిందో చెప్పను. బల్లకి అటొకరు ఇటొకరు నిలబడి దుప్పట్లు మడుస్తూనే ఉన్నారు.

మళ్ళీ కడుపు పండింది. ఈసారి ఆడపిల్ల. పుట్టింది కూడా ఎండాకాలంలోనే. అప్పుడు మొదలైంది అసలు నరకం. పిల్లకి నీళ్ళు పట్టకూడదని అత్తగారికి చెప్పాలి. ఎందుకు కూడదో చెబితే, మొదటివాడు ఎందుకు పోయాడో చెప్పినట్టే. ఆవిడ అమాయకురాలే గానీ తెలివితక్కువది కాదు. రెండూ రెండూ కలుపుకోగలదు. ఇటు పిల్ల ప్రాణం, అటు పెద్దావిడ ప్రాణం. కోడలు రెండూ కాపాడాలనుకుంది, మాట్లాడకుండా.

పిల్లని చంక దించేది కాదు. కొట్టుకి తేవడం మానేసింది. ఇంట్లో అత్తగారు ఎత్తుకుంటే పక్కనే నిలబడేది. స్నానానికి వెళ్తే మొగుడి చేతిలో పెట్టి వెళ్ళేది. ఉగ్గుగిన్నెని పైన అటక మీద ఎక్కడో పడేసింది. అత్తగారు వెతుక్కుంటే, కనపడటం లేదండీ అనేది. నీళ్ళత్త వేరే చిన్న గిన్నె తీసి నీళ్ళు కాచబోతే, పిల్ల నిద్రపోయింది అత్తయ్యా, తర్వాత చూద్దాం అని గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకునేది.

కొడుక్కి కోపం వచ్చింది. వాడికీ ఏమీ తెలియదు. "మా అమ్మని దొంగని చూసినట్టు చూస్తున్నావు" అని కొట్లోంచి ఫోన్లో అరిచాడు ఒకరోజు, అమ్మ లేనప్పుడు. ఆ అరుపు నాకు చెక్క గోడ ఇవతల వినపడింది. వెళ్ళి వాడి చెంప పగలగొడదామనిపించింది. మాట ఇచ్చాను కదా, మిషను గట్టిగా తొక్కుతూ కూచున్నాను. ఆ పూట కుట్టిన జాకెట్టు మళ్ళీ విప్పి కుట్టాల్సివచ్చింది.

నీళ్ళత్త మధ్యాహ్నం పని సర్దుకుని నా దగ్గరికి వచ్చి కూచునేది.

"అమ్మాయి నా చెయ్యి మంచిది కాదనుకుంటోంది కాబోలు వదినా. ఒకణ్ణి మింగిన చెయ్యి అని."

"పిచ్చి మాటలు మాట్లాడకు."

"నేను పిల్లని ముట్టుకుంటే అమ్మాయి ఒళ్ళు బిగబట్టుకుంటుంది. నేను చూస్తూనే ఉన్నాను. అయినా అననీ. పిల్లకి గొంతు తడిపితే చాలు. ఈ ఎండలకి ఒక్క చుక్క నీళ్ళు పట్టటం లేదే, ఎలా ఉంటుంది ప్రాణం? నువ్వయినా చెప్పు."

నేనేం చెప్పను? పిల్ల దివ్యంగా ఉంది వదినా, బుగ్గలు చూడు, తడిపే గుడ్డలు చూడు, ఇంట్లో ఆరేయడానికి తాడు చాలటం లేదు అని నవ్వించబోయాను. ఆవిడ నవ్వలేదు.

టీకాల రోజు వచ్చింది. కొడుకు ఊళ్ళో లేకపోతే అత్తాకోడళ్ళే పిల్లని తీసుకుని వెళ్ళారు. అక్కడ జరిగింది నాకు కోడలు చెప్పింది. హాలు నిండా జనం, పైన పంకాలు తిరుగుతున్నా చెమటలు. ఎదురు బెంచీ మీద ఎవరి పిల్లో గుక్క తిప్పుకోకుండా ఏడుస్తోంది, తల్లి ఊరుకోబెట్టలేక తల్లడిల్లుతోంది. నీళ్ళత్త సంచీలోంచి ఫ్లాస్కు తీసింది. ఆవిడ ఎక్కడికి వెళ్ళినా ఫ్లాస్కు లేకుండా వెళ్ళదు. "దాహమేస్తోంది పాపం, కాచిన నీళ్ళే, రెండు చుక్కలు పట్టమ్మా" అని మూతలో పోసి అందించింది.

నర్సు చూసింది. "పెద్దమ్మా, వద్దు వద్దు. ఆరు నెలల లోపు పిల్లలకి నీళ్ళు పట్టకూడదు."

"ఎండ కదమ్మా తల్లీ."

"ఎంత ఎండైనా. పాలల్లోనే నీళ్ళుంటాయి." అని మొదలుపెట్టి, చుట్టూ ఉన్న తల్లులందరికీ వినపడేలా వివరంగా చెప్పింది. నీళ్ళతో పొట్ట నిండితే పిల్ల ఏడవదు, బుద్ధిగా పడుకుంటుంది, మనం మంచిదే అనుకుంటాం. పాలు లాగదు. తల్లికి తగ్గిపోతాయి. పిల్ల సన్నబడుతుంది. ఆ పైన విరేచనాలు.

కోడలు అత్తగారి వైపు చూడలేక నేల చూపులు చూస్తోందట. నర్సు ఒక్కొక్క మాట అంటుంటే, చేతిలో ఉన్న మూత అలాగే పట్టుకుని నీళ్ళత్త వింటూ నిలబడిందట. చివరికి ఆ మూతలో నీళ్ళు మళ్ళీ ఫ్లాస్కులో పోసుకుని, బిరడా బిగించి, వచ్చి కూచుందట. "ఎంతసేపట్లో పిలుస్తారమ్మాయ్?" అని మాత్రం అడిగిందట.

ఇంటికి వచ్చాక కూడా ఏమీ అనలేదు. ఏడవలేదు. కోడలు హడలిపోయి నా దగ్గరికి పరిగెత్తుకొచ్చింది. వినలేదేమో పిన్నీ, నర్సు చెప్పింది అర్థం కాలేదేమో పిన్నీ అని ఆశగా అంది. నాకు మాత్రం అప్పుడే తెలిసిపోయింది. ఆ సాయంత్రం ఆవిడ కొట్టుకి వచ్చింది, చొక్కాలకి వచ్చినవాళ్ళు వచ్చారు, ఎవరికీ నీళ్ళివ్వలేదు. కుండ కుండలాగే ఉంది. అడిగినవాళ్ళకి, ముంచుకోండి అని తలతో చూపించింది.

కొన్నాళ్ళకి, కొట్టు మూసే వేళ వచ్చి నా ఎదురుగా నిలబడింది.

"వదినా, ఆ రోజు ఆస్పత్రిలో నువ్వున్నావు. నర్సు అడిగిందా, ఏం పట్టారని?"

నేను గుడ్డ మీద సుద్దతో గీత గీస్తున్నాను. గీత వంకర పోయింది. తల ఎత్తలేదు.

"ఊఁ. అడిగే ఉంటుంది" అంది ఆవిడే. "అమ్మాయి నాకు చెప్పలేదు. ఏడాది పైన అయింది. అత్తయ్యా అని పిలుస్తూనే ఉంది. జ్వరమొస్తే నేనే కలిపి పెట్టాను, తింది. నా చేతి ముద్ద ఆ పిల్ల ఎలా మింగిందే వదినా?"

అప్పుడు ఏడ్చింది. బల్ల పట్టుకుని, కూలబడకుండా, నిలబడే ఏడ్చింది. నాకు ఓదార్చడం చేతకాదు. వెళ్ళి ఆవిడ వీపు మీద చెయ్యి వేసి, నేనూ ఏడ్చాను. పోతూ పోతూ, "నాకు తెలిసినట్టు దానికి తెలియనివ్వకు. అది నా కోసం దాచుకుంది, దాచుకోనీ" అంది. అలా ఒకే సంగతిని ఆ ఇద్దరూ ఒకరి నుంచి ఒకరు దాచిపెట్టుకున్నారు, రెండు వైపులా తాళాలు నా దగ్గరే.

ఆ తర్వాత నీళ్ళత్త పిల్లని తనంతట తను అడిగి ఎత్తుకోలేదు. ఇస్తే తీసుకునేది. ఏడవగానే, పాలకేమో చూడమ్మా అని వెంటనే ఇచ్చేసేది. కోడల్ని కొట్టుకి రానివ్వక, నువ్వు పిల్ల దగ్గరుండు, అదే నీ పని అని బట్టల మూటలన్నీ తనే ఎత్తుకుంది. ఆ వయసులో ఇద్దరు మనుషుల పని. పిల్ల మాత్రం తల్లిపాలతోనే పుష్టిగా పెరిగింది. బోర్లా పడింది, పాకబోయింది.

ఆరు నెలలు నిండాక ఒక ఉదయం కోడలు పిల్లని చంకనేసుకుని కొట్టుకి వచ్చింది. చేతిలో మూత పెట్టిన ఉగ్గుగిన్నె ఉంది. అటక మీద నుంచి దింపి, తోమి, తళతళలాడించి తెచ్చింది. నేను మిషను ఆపాను. ఇంకా కొట్లోకి ఎవరూ రాలేదు.

"అత్తయ్యా, ఇవాళ్టి నుంచి మెత్తగా చేసి ఏదైనా పెట్టొచ్చు. నీళ్ళూ పట్టొచ్చు. మొదట మీరే పట్టండి" అంది.

ఆవిడ పెట్టె స్విచ్చి ఆపింది. చేతులు రెండుసార్లు కడుక్కుని, కొంగుకి తుడుచుకోకుండా గాలికే ఆరబెట్టుకుంది. బల్ల ముందు కూచుంటే కోడలు పిల్లని ఒళ్ళో పెట్టింది.

"నిజంగా పట్టొచ్చా?"

"పట్టొచ్చు అత్తయ్యా."

"నర్సమ్మని అడిగావా?"

"అడిగాను."

గిన్నె తీసుకుంది. గిన్నె మూతి పెదవి దాకా తీసుకెళ్ళింది. పిల్ల అది చూసి, ఏదో కొత్తది అనుకుని, నోరు ఇంత తెరిచింది.

ఆవిడ చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"వాడూ ఇలాగే తెరిచేవాడు" అంది.

కోడలి ముఖం పాలిపోయింది. అత్తగారికి తెలుసునన్న సంగతి ఆ అమ్మాయికి ఆ క్షణంలోనే తెలిసింది. అక్కడే కింద కూచుండిపోయి ఆవిడ మోకాలి మీద తల ఆనించింది.

"అత్తయ్యా, నేను కూడా చూశాను. రోజూ నా కళ్ళ ముందే పట్టారు. నేను తల్లిని. నేనూ వద్దనలేదు."

"నీకు తెలియదు కదమ్మా."

"మీకు మాత్రం తెలుసా?"

ఒళ్ళో పిల్ల గిన్నె కోసం చేతులు చాపి గోల చేస్తోంది. ఆవిడ గిన్నె కోడలి చేతికిచ్చేసింది. "నువ్వు పట్టమ్మా. నేను చూస్తాను" అంది. కోడలు ఎంత బతిమాలినా మళ్ళీ ముట్టుకోలేదు. పిల్ల తాగింది, సగం గడ్డం మీదుగా కార్చుకుంది. ప్రతి గుక్కా లోపలికి దిగేదాకా ఆవిడ ఆ చిన్న గొంతు వైపే చూస్తూ కూచుంది.

ఆ పిల్ల ఇప్పుడు బడికి వెళ్తోంది. నానమ్మంటే ప్రాణం. సాయంత్రం వస్తూనే సంచీ బల్ల కింద విసిరేసి, "నానమ్మా, నీళ్ళు" అని అరుస్తుంది. ఆవిడ పెట్టె నిలబెట్టి, కుండ వైపు ఒక అడుగు వేస్తుంది. అక్కడే ఆగి కోడలి వైపు చూస్తుంది. కోడలు మడత వదిలేసి లేచి, గ్లాసు ముంచి పిల్లకి ఇస్తుంది.